అనంతపురం: పట్టణ ప్రణాళికలో శ్రమజీవికి చోటెక్కడ?

ఒక పట్టణం చరిత్రను రెండు విధాలుగా రాయవచ్చు. ఏ రాజు కట్టించాడు, ఏ దొర కచేరీ పెట్టాడు, ఏ మంత్రి శంకుస్థాపన చేశాడు అని రాయటం ఒక విధం. ఆ ఊళ్ళో నీళ్ళు ఎటు పారేవి, కూలివాడు ఎక్కడ తలదాచుకున్నాడు, వాడి బిడ్డకు బడి ఎంత దూరంలో వుంది, సాయంకాలం పూట ఒక పుస్తకమో నాటకమో వాడికి అందుబాటులో వుందా అని రాయటం రెండవ విధం. మొదటి విధమైన చరిత్రకు గెజెటీర్లూ శిలాఫలకాలూ వున్నాయి. రెండవదానికి ఆధారాలను చెరువుకట్టల్లో, వీధుల పేర్లలో, జనం చెప్పుకునే కథల్లో, వరదనీళ్ళు గోడల మీద వదిలిపోయిన చారల్లో వెతుక్కోవాలి.

నేను అనంతపురంలో ఒక కళాశాలలో తెలుగు చెబుతున్నాను. పట్టణ నిర్మాణశాస్త్రం నా పాఠ్యాంశం కాదు. అయితే నా తరగతిలో కూర్చునే విద్యార్థుల్లో చాలామంది మెట్టపొలాల పల్లెల నుంచి వచ్చి అద్దెగదుల్లో కాలక్షేపం చేస్తున్నవారు. పత్రికల్లో 'మాస్టర్ ప్లాన్' అనే మాట కనపడినప్పుడల్లా వాళ్ళు నన్నడిగే ప్రశ్న ఒకటే: “అందులో మేమున్నామా, సార్?” ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే అనంతపురానికి ఇంతవరకు ఎవరెవరు ప్రణాళికలు వేశారో, ఆ ప్రణాళికల్లో ఎవరికి చోటు దొరికిందో చారిత్రకంగా పరిశీలించవలసి వుంటుంది.

అనంతపురం మొదటి ప్రణాళిక ఒక చెరువు. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కవొడెయరు 1364 ప్రాంతంలో పండమేరుకు అడ్డంగా పెద్ద కట్ట వేయించాడని చరిత్ర చెబుతున్నది. కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, రెండవ కొసన అనంతసాగరం వెలిశాయి. ఈ రెండవదే నేటి అనంతపురం. అంటే ఊరు పుట్టిన తర్వాత చెరువు తవ్వలేదు. చెరువు పుట్టిన తర్వాతనే ఊరు పుట్టింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు మించి వాన పడని ఈ పీఠభూమిలో ఇది సహజమే. వాన ఎప్పుడో వస్తుంది, వచ్చినప్పుడు ఒక్కసారిగా వస్తుంది. దాన్ని పట్టి నిలిపే చోటు, మిగులు నీటిని వదిలే మరవ, పొలానికి పంపే తూము, ఇవి కుదిరాకనే ఇల్లు కట్టుకోవాలి. వంకలకు దారి వదలి, మెరకన ఊరుండాలి. ఆరువందల ఏళ్ళ క్రితపు ఈ ఇంగితం కాగితం మీద ఎవరూ గీయని ప్రణాళిక.

అయితే ఆ చెరువును స్వర్ణయుగపు చిహ్నంగా పూజించనక్కరలేదు. కట్ట మోసిన వారెవరో శాసనాలు చెప్పవు. ఆ లోటును జనం ఒక కథతో పూరించుకున్నారు. వరదకు కట్ట తెగబోతే, ఊరిని కాపాడటానికి ముసలమ్మ అనే రైతు కోడలు గండిలోకి నడిచి ప్రాణమిచ్చిందన్నది ఆ కథ. సి.పి. బ్రౌను 1853లో అచ్చువేయించిన అనంతపురం చరిత్రలో ఈ కథ వుంది. దాన్నే వస్తువుగా తీసుకుని కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము' కావ్యం రాశారు. ఆధునిక తెలుగు కవిత్వానికి తొలి మెట్లలో ఒకటిగా దాన్ని మనం తరగతుల్లో పాఠం చెబుతాం. పాఠం చెప్పేటప్పుడు త్యాగాన్ని గురించి మాట్లాడతాం గాని, గండి పడటానికి కారణాన్ని గురించి మాట్లాడం. కట్టను కనిపెట్టుకుని వుండవలసింది పాలకుడు. అతడు ఏమరితే నష్టాన్ని ఒళ్ళొడ్డి తీర్చింది ఒక శ్రామిక కుటుంబపు స్త్రీ. ఈ కథ అనంతపురం చరిత్రలో మళ్ళీ మళ్ళీ జరుగుతున్నదని ముందు ముందు చూస్తాం.

రెండవ ప్రణాళిక కచేరీది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్తమండలాలనే పేరు అలా వచ్చిందే. 1807 వరకు వీటికి ప్రధాన కలెక్టరుగా వున్న థామస్ మన్రో కొంతకాలం అనంతపురంలోనే మకాం పెట్టాడు. బళ్ళారి నుంచి విడదీసి 1882లో అనంతపురం జిల్లాను ఏర్పరచారు. 1890ల్లో గుంతకల్లు నుంచి బెంగుళూరుకు రైలు మార్గం పడింది. కలెక్టరు కచేరీ, ఖజానా, కోర్టు, జైలు, పోలీసు లైన్లు, వీటి చుట్టూ వకీళ్ళ ఇళ్ళు, వ్యాపారుల అంగళ్ళు పెరిగాయి. పాతూరుకు తోడు కొత్తూరు వచ్చింది. సామ్రాజ్యవాద ప్రభుత్వం దృష్టిలో జిల్లా కేంద్రమంటే శిస్తు వసూలు చేసే చోటు, శాంతిభద్రతలు కాపాడే చోటు. శిస్తు కట్టే రైతు ఊళ్ళోకి వచ్చి పనిచూసుకుని పోవాలి. అతడికి అక్కడ నివాసమెందుకు?

కరువు ఈ లెక్కను తలకిందులు చేసింది. 1876–78 నాటి ధాత కరువులో దత్తమండలాలు పీనుగుల పెంటలయ్యాయి. ప్రభుత్వం పెట్టిన కరువు పనుల్లో రోజంతా రాళ్ళు కొట్టిన మనిషికి కూలి ఒక పౌను ధాన్యానికి తగ్గించిన ఘనత సర్ రిచర్డ్ టెంపుల్‌ది. కరువు వచ్చిన ప్రతిసారీ పల్లె ఖాళీ అయి పట్టణం అంచుకు చేరుతుంది. వాన పడితే కొందరు తిరిగి వెళతారు, కొందరు అక్కడే నిలిచిపోతారు. అనంతపురం పెరిగిన తీరు ఇదే. పరిశ్రమలు పిలిస్తే జనం వచ్చి చేరిన పట్టణం కాదిది. పొలం వెళ్ళగొడితే వచ్చి చేరిన పట్టణం. కాబట్టి ఇక్కడికి వచ్చినవాడికి ముందు పని దొరకదు, తర్వాత ఇల్లు దొరకదు. ఈ వాస్తవాన్ని విస్మరించిన ఏ ప్రణాళికా ఇక్కడ నిలవదు.

పట్టణాలకు ప్రణాళికలు వుండాలన్న ఆలోచన అప్పటికి మన దేశంలో లేకపోలేదు. 1914–15లో పాట్రిక్ గెడ్డిస్ అనే స్కాట్లాండు శాస్త్రజ్ఞుడు మద్రాసు రాష్ట్రపు పట్టణాలు తిరిగి నివేదికలు రాశాడు. వీధుల్ని వెడల్పు చేసే పేరుతో బీదల పేటలను నేలమట్టం చేయటాన్ని ఆయన వ్యతిరేకించాడు. దోమలొస్తాయని చెరువులు పూడ్చే ఇంజనీర్లతో తగవుపడి, చెరువుల్ని బాగుచేసి, చేపలు పెంచి నిలుపుకోవాలన్నాడు. 1920లో మద్రాసు పట్టణ నిర్మాణ చట్టం వచ్చింది. మార్పులతో అదే తర్వాత ఆంధ్ర ప్రాంతానికీ ఆధారమైంది. కాని చట్టంలోకి వచ్చింది గెడ్డిస్ వద్దన్న పద్ధతే. రోడ్డుకెంత వెడల్పు, స్థలానికెంత పన్ను అన్న లెక్క మిగిలి, మనుషుల్ని కదల్చకుండా ఊరిని బాగుచేయాలన్న మాట మరుగునపడింది.

ఇక మూడవ ప్రణాళికను జనం సాధించుకున్నారు. అది విద్యాసంస్థల ప్రణాళిక. 1916లో అనంతపురంలో దత్తమండల కళాశాల స్థాపించారు. అది నేటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల. గుమాస్తాలను తయారుచేయటానికి పెట్టిన కళాశాలలో నుంచి గుమాస్తాలు మాత్రమే రాలేదు. అక్కడ తెలుగు బోధించిన చిలుకూరి నారాయణరావు 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో ఈ ప్రాంతానికి 'రాయలసీమ' అనే పేరును ప్రతిపాదించారు. ఎవరో ఎవరికో దానమిచ్చిన భూమి అనే అవమానకరమైన పేరు పోయి, ఒక ప్రజాసమూహానికి తన పేరు తనకు వచ్చింది. ఇదే ఊళ్ళో పప్పూరు రామాచార్యులు 'సాధన' పత్రిక నడిపారు. 1930ల చివర తరిమెల నాగిరెడ్డి, విద్వాన్ విశ్వం ప్రభృతులు నవ్య సాహిత్యమాల పేర పుస్తకాలు వేసి అభ్యుదయ భావాలను ప్రచారం చేశారు. ఆ విశ్వమే తర్వాత ఈ సీమ రైతుకూలీల ఆకలిని 'పెన్నేటి పాట'గా రాశారు. ఒక కళాశాల, ఒక అచ్చుయంత్రం, కూర్చుని మాట్లాడుకోవటానికి ఒక చోటు, ఇవి వున్నప్పుడు కరువు నేలలో కూడా సంస్కృతి మొలకెత్తుతుందనటానికి ఇంతకన్న నిదర్శనమేం కావాలి?

సంస్థల కోసం రాజకీయరంగంలో జరిగిన పోరాటం కూడా మనం మరువరాదు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం చివరకు వాల్తేరులో స్థిరపడింది. దత్తమండలాల కళాశాలలు తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయం కిందికి పోయాయి. ఆ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షుడు అనంతపురం చెరువు కథను కావ్యం చేసిన కట్టమంచివారే కావటం చరిత్రలో ఒక విచిత్రం. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గృహం శ్రీబాగులో కోస్తా, రాయలసీమ నాయకులు ఒడంబడిక చేసుకున్నారు. వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి విశ్వవిద్యాలయ కేంద్రాలు వుండాలని, పదేళ్ళపాటు తుంగభద్ర, కృష్ణ, పెన్న జలాల వినియోగంలో రాయలసీమకు ప్రాధాన్యమివ్వాలని, రాజధాని, హైకోర్టులలో ఒకటి సీమలో వుండాలని అందులో రాసుకున్నారు. చదువూ నీళ్ళూ ఒకే కాగితం మీద పక్కపక్కన నిలిచిన ఒడంబడిక ఇది. ఈ రెండూ వేరు సమస్యలు కావని ఆనాటి నాయకులకు తెలుసు.

ఆ మాట ఎంతవరకు చెల్లింది? 1953లో ఆంధ్రరాష్ట్రం వచ్చి రాజధాని కర్నూలుకు వెళ్ళింది, 1956లో అక్కడి నుంచి హైదరాబాదుకు తరలింది. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం తిరుపతిలో వెలిసింది. అనంతపురానికి 1968లో దాని స్నాతకోత్తర కేంద్రం దక్కింది. ఆ కేంద్రం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంగా మారింది 1981లో. 1937లో రాసిన మాట అమలు కావటానికి 44 ఏళ్ళు పట్టిందన్నమాట. ఈలోగా మద్రాసు గిండీలో 1946లో ఆరంభమైన ఇంజనీరింగు కళాశాల 1948లో అనంతపురానికి తరలివచ్చింది, 2008లో సాంకేతిక విశ్వవిద్యాలయమైంది. 2000లో వైద్య కళాశాల, 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. ఇవన్నీ స్వాగతించదగినవే. అయితే విశ్వవిద్యాలయాలు ఊరికి దూరంగా, ప్రహరీగోడల వెనక, తమ లోకంలో తామున్నాయి. 1916 నాటి కళాశాలలో పాఠం చెప్పినవారూ, బజారులో పత్రిక నడిపినవారూ ఒకే వీధుల్లో తిరిగారు. ఇవాళ ఊరికి విశ్వవిద్యాలయముంది గాని, విశ్వవిద్యాలయానికి ఊరు లేదు.

ఇళ్ళ విషయంలో ఈ పాటి ఒడంబడిక కూడా ఎవరూ చేసుకోలేదు. రాష్ట్రంలో 1960లో గృహనిర్మాణ మండలి ఏర్పడింది. జీతం స్థిరంగా వచ్చే ఉద్యోగికి వాయిదాల మీద ఇల్లు ఇవ్వటం దాని పద్ధతి. రోజుకూలికి వాయిదా ఎక్కడిది? అతడు తన ప్రణాళిక తానే వేసుకున్నాడు. ధర లేని నేల ఎక్కడుందో చూసి అక్కడ గుడిసె వేశాడు. అనంతపురంలో ధర లేని నేల అంటే వంకగట్టు.

ఇక్కడ ఈ పీఠభూమికి ప్రత్యేకమైన ఒక సూత్రం పనిచేస్తుంది. నదీతీరపు పట్టణంలో ఏటా నీళ్ళు కనపడతాయి కాబట్టి అక్కడ ఇల్లు కట్టటానికి జనం జంకుతారు. కరువుసీమలో వంక ఏళ్ళ తరబడి ఎండి వుంటుంది. ఎండిన వంక ఖాళీ స్థలంలా కనిపిస్తుంది. పైగా పెన్న అహోబలం జలాశయం నుంచి గొట్టాల్లో తాగునీరు వచ్చాక, వాననీటి దారులతో ఊరికి అవసరం తీరిపోయినట్టయింది. నీటిదారి కొలత తగ్గేకొద్దీ నేల కొలత పెరిగింది. దళారి ముక్కలు చేసి అమ్మాడు, బీదవాడు అప్పుచేసి కొన్నాడు, ఓట్ల కోసం నాయకులు కరెంటు స్తంభం వేయించారు. కరువే వంకను కప్పిపుచ్చింది. 2022 అక్టోబరులో ఒక్కసారిగా కుండపోత కురిసినప్పుడు నడిమివంక తన దారి తాను వెతుక్కుంటూ కాలనీలలోకి వచ్చింది. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురం జిల్లా కేంద్రంలో జనాన్ని పడవల మీద బయటికి తేవలసి వచ్చింది. 2024 అక్టోబరులో పండమేరు పొంగి ఊరి అంచునున్న పేదల ఇళ్ళను ముంచింది. పాలకుడు ఏమరిన కట్టకు శ్రామికుడు మూల్యం చెల్లించటం అంటే ఇదే. ముసలమ్మ కథ ఇంకా ముగియలేదు.

మునిగిన తర్వాత అధికారులు చెప్పే పరిష్కారం ఆక్రమణల తొలగింపు. ఫ్రెడరిక్ ఎంగెల్స్ 1872లో ఇళ్ళ సమస్య మీద రాసిన వ్యాసాల్లో దీని గుట్టు విప్పాడు. బూర్జువా వర్గం బీదల పేటను ఒకచోట కూల్చి సమస్య తీర్చానంటుంది. అదే పేట మరొకచోట లేస్తుంది. తొలగించినవాడికి పనికి దగ్గరలో ఇల్లు చూపనంతకాలం తొలగింపు అనేది సమస్యను పక్కవీధికి జరపటమే. ఇక స్థలాలిచ్చే పద్ధతి చూద్దాం. 2020 డిసెంబరులో రాష్ట్రవ్యాప్తంగా మొదలైన పంపిణీలో పట్టణాల్లో పేద కుటుంబానికి ఇచ్చినది ఒక సెంటు, అంటే 48 చదరపు గజాల చిల్లర. స్థలం లేనివాడికి అది ఎంతో కొంత ఆసరా అనే మాట నిజం. కాని ఊరికి దూరంగా, లోతట్టున, బడి, ఆసుపత్రి, బస్సు లేనిచోట వేసిన గళ్ళు ఇళ్ళు కావచ్చునేమో గాని ఊరు కావు. రోజూ పనికి రావటానికయ్యే బస్సు చార్జీ అద్దెను మించిపోతే ఆ ఇంటికి తాళం పడుతుంది.

మరి ఇంతకన్న మెరుగైన దారి వుందా అంటే, చరిత్రలో వుంది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత వియన్నా నగరసభ సోషలిస్టుల చేతికొచ్చింది. 1923లో ఆ నగరం ఇళ్ళ పన్ను వేసింది. భవనం ఎంత విలాసమైనదైతే పన్ను అంత ఎక్కువ. ఆ డబ్బుతో 1934లో ఫాసిస్టులు ఫిరంగులతో అణచివేసేదాకా అరవైవేలకు పైగా ఇళ్ళు కట్టింది. ఆ భవన సముదాయాల్లోనే గ్రంథాలయాలు, శిశువిహారాలు, బట్టలుతికే శాలలు, వైద్యశాలలు పెట్టింది. వియన్నా సంపన్న నగరమని, మనకు సాటి కాదని ఎవరైనా అనవచ్చు. అయితే షోలాపూరును చూడండి. అదీ దక్కను కరువు పీఠభూమే. తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలీలు మగ్గాల మీద, వారి ఆడవాళ్ళు బీడీల మీద బతికిన ఊరు. అక్కడ బీడీకార్మిక స్త్రీలు సహకార సంఘం పెట్టుకుని, గోదూతాయి పరులేకర్ పేర ఏళ్ళ తరబడి ఆందోళన చేసి, పదివేల ఇళ్ళు సాధించారు. 2006లో ఆ కాలనీ పూర్తయింది. పిల్లల చేతిలో పలకకూ పొయ్యి మీద అన్నానికీ వెతుకులాడే స్త్రీలు చేయగలిగిన పని, ఒక జిల్లా కేంద్రపు నగరపాలక సంస్థ ఎందుకు చేయలేదు?

ఇల్లూ పుస్తకమూ ఒకే ప్రణాళికలో వుండాలన్నది మనకు విదేశాల నుంచి దిగుమతి అయిన ఆలోచన కాదని మాత్రం నొక్కి చెప్పదలిచాను. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివారు నడిపిన గ్రంథాలయోద్యమం ఫలితంగా వచ్చిన చట్టం ప్రకారం, మన రాష్ట్రంలో ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. అద్దె రూపంలో ఆ పన్ను మోసేది చివరకు అద్దెకున్నవాడే. అంటే గదిలో వుండే నా విద్యార్థి, వంకగట్టున ఇంటిపన్ను కట్టే కూలి, ఇద్దరూ నెలనెలా ఒక గ్రంథాలయానికి చందా కడుతున్నట్టే లెక్క. వసూలైన పన్ను గ్రంథాలయ సంస్థలకు సక్రమంగా చేరటం లేదన్న ఫిర్యాదు రాష్ట్రమంతటా వినపడుతూనే వుంది. వాళ్ళ పేటలో చదువుకునే గది ఏదని అడగటం దయాభిక్ష కోరటం ఎలా అవుతుంది? అది బాకీ వసూలు.

“తాగటానికి నీళ్ళు లేని సీమలో గ్రంథాలయం, రంగస్థలం అంటూ మాట్లాడటం విలాసం కాదా?” అని మన మిత్రులే కొందరు అంటారు. ఈ వాదానికి జవాబు ఈ ఊరి చరిత్రలోనే వుంది. 1952లో సీమ గంజి కేంద్రాల ముందు నిలబడినప్పుడు, అదే ఏడు ఎన్నికల్లో అనంతపురం ఓటర్లు నీలం సంజీవరెడ్డి అంతటి కాంగ్రెసు నాయకుణ్ణి ఓడించి నాగిరెడ్డిని గెలిపించారు. ఆకలి మాత్రమే వుంటే మనిషి గంజి కోసం చెయ్యి చాపుతాడు. ఆకలికి కారణం తెలిస్తే ఓటు కోసం చెయ్యి ఎత్తుతాడు. ఆ కారణం తెలియజెప్పింది నవ్య సాహిత్యమాల వంటి పుస్తకాలు, విద్యార్థి బృందాలు, వీధి సభలు. సంస్కృతిని వాయిదా వేసిన ఊళ్ళో నీళ్ళ పోరాటం కూడా వాయిదా పడుతుంది.

1920 చట్టం, 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం, 2016 చట్టం, ఇలా చట్టాలు వరసగా వచ్చాయి. 2005లో పురపాలక సంఘం నగరపాలక సంస్థ అయింది. అనంతపురం–హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. రంగులు పూసిన పటాలు ఇక ముందు కూడా వస్తాయి. పసుపు రంగు నివాసం, ఆకుపచ్చ ఉద్యానం. ఆ పటం మీద అభ్యంతరాలు చెప్పటానికి ప్రజలకు గడువిస్తారు. ఆ గడువులో ఇంతవరకు ఎక్కువగా అభ్యంతరం చెప్పింది తన స్థలంలో రోడ్డు పడిందనే ఆసామి. స్థలమే లేనివాడి అభ్యంతరం ఎవరు రాయాలి?

విద్యార్థులూ ఉపాధ్యాయులూ రాయాలని నా అభిప్రాయం. మన కళాశాలల్లో ఇంజనీరింగు చదివేవారున్నారు, చరిత్ర చదివేవారున్నారు, అర్థశాస్త్రం చదివేవారున్నారు. వంకల వెంట నడిచి, ఎక్కడెక్కడ వెడల్పు ఎంత తగ్గిందో, గట్టున ఎన్ని కుటుంబాలున్నాయో, వారు పనికి ఎక్కడికి పోతారో రాసుకోవటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ వివరాలు చేతిలో పెట్టుకుని మూడు కోర్కెలు అడగాలి. మొదటిది, పటం మీద అన్నిటికన్న ముందు వంకలూ మరవలూ చెరువు కాలువలూ గీయాలి, తర్వాతనే రోడ్లు. రెండవది, వంకగట్టు నుంచి ఏ కుటుంబాన్ని కదిలించినా పనికి నడిచిపోయే దూరంలో, మెరకన, ముందుగా ఇల్లు చూపాలి. మూడవది, ప్రతి కార్మిక పేటలోనూ బడితోపాటు చదువుకునే గది, పదిమంది కూర్చుని నాటకమో సభో జరుపుకునే చోటు వుండాలి, దానికి గ్రంథాలయ పన్ను లెక్కలు బయట పెట్టాలి.

ఇవి విప్లవమంత పెద్ద కోర్కెలేమీ కావు. అయితే భూమి ధరల మీద బతికే వర్గాలకు మొదటి కోర్కె ఒక్కటే చాలు, కంటగింపు కావటానికి. అందుచేత ఇవి అడగగానే దొరుకుతాయనే భ్రమ నాకు లేదు. దత్తమండలం రాయలసీమ అయింది అడిగితేనే. విశ్వవిద్యాలయం వచ్చింది 44 ఏళ్ళు అడిగితేనే. నడిమివంక గట్టున వున్న కుటుంబాలకు మాత్రం అంత వ్యవధి లేదు. వచ్చే అక్టోబరు మళ్ళీ వానాకాలమే.